పెరటి గోరింట: పండుగ చేతులకు రక్షణ

అరబ్బీలో హిన్నా, ఉర్దూలో మెహందీ, తెలుగులో గోరింట. పేర్లు వేరైనా పొద ఒక్కటే. ఆషాఢంలో హిందూ సోదరీమణుల చేతులను, ఈద్ ముందు రాత్రి మన ఆడపిల్లల చేతులను ఎరుపెక్కించేది ఇదే. మక్కా విజయం నాడు (హిజ్రీ 8) హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫా నెరసిన తలను చూసి, దాని రంగు మార్చమనీ, నలుపును మాత్రం విడిచిపెట్టమనీ దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతున్నది.

నేడు బజారులో దొరికే ‘నల్ల మెహందీ’ విషయంలోనూ తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలి. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం చర్మానికి నారింజ, ఎరుపు రంగులనే ఇస్తుంది. కొద్దిసేపటిలోనే నల్లగా పండే కోన్లలో తరచుగా పారాఫినిలిన్‌డయమిన్ అనే జుట్టురంగు రసాయనం ఉంటుంది. దాని వలన బొబ్బలు, మచ్చలు ఏర్పడవచ్చు. ఆ తరువాత జుట్టురంగు తగిలినా చర్మం మండిపోవచ్చు. మా మదరసాలోని ఒక బాలిక ఈద్ మరునాడు చేతులు బొబ్బలెక్కి, కొన్ని దినాలు కలం పట్టలేకపోయింది. పెరట్లో ఒక్క పొద ఉంటే ఈ ముప్పు తప్పుతుంది.

నాటడానికి వానాకాలం అనువైనది. పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవున కత్తిరించి, క్రింది ఆకులు దూసి, సగం వరకు మట్టిలో గుచ్చాలి. విత్తనాలైతే కొన్ని రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చి, ఇసుకతో కలిపి చల్లాలి. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు గల చల్క నేలలు దీనికి చక్కగా సరిపోతాయి. రేగడిలోనూ పెరుగుతుంది గాని, వేళ్ళ వద్ద నీరు నిలువరాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఏటి ఒడ్డు గ్రామాలవారు మెరక చూసి నాటుకోవాలి. వేళ్ళూనిన పొద మన ఎండలకు తట్టుకుంటుంది. మొదటి ఏడాది మాత్రం తడి తప్పనిసరి. వుజూ చేసిన నీటిని పాదుకు మళ్ళిస్తే అదీ తీరుతుంది.

ఏటా కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు, వాటి చివర సువాసన గల పూగుత్తులు వస్తాయి. ముదురు కొమ్మలకు ముళ్ళుంటాయి, జాగ్రత్త. ఆముదాన్ని తినే దాసరి పురుగు దీనినీ తింటుంది, కనబడగానే ఏరివేయాలి. రెండవ ఏడు నుండి ఆకు కోసి, నీడన ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు. పచ్చి ఆకును కాస్త చింతపండుతో నూరితే బాగా పండుతుంది.

పసికందులకు మాత్రం పూయరాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న శిశువులలో గోరింట రక్తకణాలను చిట్లించగలదు.

గోరింట రంగు నీటిని అడ్డుకోదు గనుక, ఎండిన ముద్దను కడిగివేశాక వుజూ చెల్లుతుంది. గోళ్ళపై పొరకట్టే నెయిల్ పాలిష్‌తో అలా చెల్లదు.

ముస్లిం నాటిన మొక్కను మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నా అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. సోదరీమణులారా! ఈ తొలకరిలోనే ఒక కొమ్మ నాటండి. వేళ్ళూనిన తరువాత పొరుగింటికీ ఒకటి పంచండి.