చదివింది నిలవాలంటే

దూరవిద్యలో మీకు పాఠం చెప్పేది చాలావరకు ఈ పుస్తకమే. తరగతి గదిలోనైతే అధ్యాపకులు మధ్యలో ఆగి "ఇంతవరకు ఏం అర్థమైంది?" అని అడుగుతారు. ఇక్కడ అలా అడిగేవారు లేరు. పగలంతా పని చూసుకొని, రాత్రి ఒక యూనిట్‌ను రెండుసార్లు చదివి, ముఖ్యమనిపించిన వాక్యాల కింద గీతలు గీసి చదువు పూర్తయిందనుకుంటారు. తీరా పరీక్ష హాలులో ఆ పేజీ, గీతల రంగుతో సహా కళ్ళముందు కదులుతుంది. విషయం మాత్రం గుర్తురాదు.

చూసిన వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. రెండోసారి చదివినప్పుడు వాక్యాలు తేలికగా సాగిపోతాయి కాబట్టి విషయం వచ్చేసిందని పొరబడతాం. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని మళ్ళీ చదివారు. మరికొందరు దానిని చూడకుండా, గుర్తున్నంతవరకు కాగితంపై రాశారు. 5 నిమిషాల తరవాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరవాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారు ముందున్నారు. మన పరీక్షలు 5 నిమిషాలకే రావు కదా!

1946లో ఫ్రాన్సిస్ రాబిన్సన్ సూచించిన పఠన పద్ధతిలో ఐదు దశలున్నాయి: పైపైన చూడటం, ప్రశ్న వేసుకోవడం, చదవడం, తిరిగి చెప్పుకోవడం, పునశ్చరణ. రెండోది, నాలుగోది సాధారణంగా వదిలేస్తుంటాం. అసలు పని జరిగేది అక్కడే.

ఉదాహరణకు, రాజనీతిశాస్త్రంలో పంచాయతీరాజ్ పాఠం తీసుకోండి. శీర్షిక చూడగానే ఒక ప్రశ్న రాసుకోండి: 1959లోనే రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఈ వ్యవస్థ మొదలైంది కదా, మళ్ళీ 1992లో 73వ రాజ్యాంగ సవరణ ఎందుకు? ఇక జవాబు కోసం చదవండి. పుస్తకం మూసి, మీ మాటల్లో రాయండి: "చాలా రాష్ట్రాలలో ఎన్నికలు సక్రమంగా జరగలేదు. అందుకే ఐదేళ్ళ పదవీకాలం, రద్దయితే ఆరు నెలల్లోపు ఎన్నిక తప్పనిసరి చేశారు." మొదట సంవత్సరాలే గుర్తొస్తాయి, కారణం జారిపోతుంది. ఆ జారిపోయిన చోటు కోసమే మళ్ళీ పుస్తకం తెరవండి.

"వికేంద్రీకరణ" వంటి పారిభాషిక పదం వచ్చినప్పుడు దాన్నే తిరిగి రాయకండి. "అధికారాన్ని ఒక్కచోటే ఉంచకుండా కింది స్థాయికి పంచడం" అని ఇంట్లోవారికి చెప్పినట్లు రాయండి. అలా రాయలేకపోతే ఆ పదం ఇంకా అర్థం కాలేదన్నమాట.

ఇలా చదివితే రాత్రికి యూనిట్ పూర్తికాదు, నిజమే. సగమే చదవండి.

అభ్యాసం: పుస్తకం మూసి, రోడిగర్, కార్పికేల ప్రయోగ ఫలితాన్ని రెండు వాక్యాలలో రాయండి. వారం తరవాత, పాత జవాబు చూడకుండా మళ్ళీ రాసి, రెండింటినీ పోల్చండి.