గుండెపోటు వస్తే... ముందు ఇంజెక్షనా, పట్నమా?

అర్ధరాత్రి మీవారికి గుండెల్లో బరువు, ఒళ్ళంతా చెమటలు. సిద్దిపేటలో ఇ.సి.జి. తీసిన డాక్టరు "పెద్ద గుండెపోటు. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇద్దాం" అన్నారు. మరిదేమో "ఎందుకొదినా, నేరుగా పట్నం పోయి స్టెంట్ వేయిద్దాం" అంటున్నాడు. సంతకం చేయాల్సింది మీరే. ఏం చేస్తారు?

గుండెకు రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడితే, గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. చచ్చిన కండరం మళ్ళీ రాదు. నాళం తెరవడానికి దారులు రెండు. ఒకటి, మందుతో గడ్డ కరిగించడం. రెండోది యాంజియోప్లాస్టీ. అంటే సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో నాళాన్ని తెరిచి, స్టెంట్ పెట్టడం.

సకాలంలో అందితే యాంజియోప్లాస్టీయే మేలు. కానీ గుండెపోటని తేలాక 2 గంటల్లోపు జరగాలి. సిద్దిపేట నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. అంబులెన్సు రావడం, ప్రయాణం, అక్కడ చేర్చుకోవడం... మీరే లెక్కేసుకోండి! దగ్గర్లో ఆ సౌకర్యం సిద్ధంగా ఉంటే సరే. 2 గంటల్లో అందదనుకుంటే ముందు ఇంజెక్షనే.

ఇదేదో రెండో రకం వైద్యం అనుకోకండి. 2013లో వెలువడిన 'స్ట్రీమ్' పరిశోధనలో, నొప్పి మొదలై 3 గంటలు దాటని, గంటలో యాంజియోప్లాస్టీ అందని 1,892 మందిని పరీక్షించారు. ముందు ఇంజెక్షన్ తీసుకుని తర్వాత యాంజియోగ్రామ్ చేయించుకున్నవారూ, నేరుగా యాంజియోప్లాస్టీకి వెళ్ళినవారూ నెల తర్వాత చూస్తే దాదాపు సమానంగానే ఉన్నారు.

అయితే రెండు సంగతులు మరవకండి. ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం కొద్దిగా ఉంది. అందుకే ఆ పరిశోధనలో 75 ఏళ్ళు దాటినవారికి మోతాదు సగానికి తగ్గించారు. ఇదివరకు పక్షవాతం వచ్చినా, ఈమధ్య ఆపరేషనైనా, తలకు దెబ్బ తగిలినా డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండోది, నొప్పి తగ్గిందని ఇంటికి రాకండి. ఆ పరిశోధనలో ఇంజెక్షన్ తీసుకున్నవారిలో మూడో వంతుకు పైగా వెంటనే పెద్దాసుపత్రిలో చికిత్స చేయాల్సి వచ్చింది. కాబట్టి ఇంజెక్షన్ కాగానే పట్నం బయలుదేరాలి. మందు పనిచేసినా ఒక రోజులోపు యాంజియోగ్రామ్ చేయించాలి.

అన్నట్టు, ఆ నొప్పి మీకే రావచ్చు! ఆడవాళ్ళలో దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసంగా కూడా కనిపిస్తుంది. గ్యాసేలెమ్మని సోడా తాగి పడుకోకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగే ఇంజెక్షన్ రాత్రిళ్ళు కూడా మీ ఊళ్ళో ఎక్కడ ఇస్తారో ఇవాళే కనుక్కుని, క్యాలెండరు మీద రాసిపెట్టండి.