మంచును పట్టే అడవి

అరేబియా ద్వీపకల్పంలో అధిక భాగం ఎడారి. దాని ఆగ్నేయ భాగాన ఒమన్ దేశం ఉంది. ఆ దేశపు దక్షిణ కొసన, సలాలా పట్టణం వెనుక, సముద్రం వెంబడి దోఫార్ కొండలు బారులు తీరి ఉన్నాయి. వీటిని ఉత్తరం వైపు దిగితే రాతి ఎడారి, ఆపైన రుబ్ అల్ ఖాలీ అనే మహా ఇసుక ఎడారి.

మే నెలలో ఈ కొండవాలులు ఎండి మోడుబారి ఉంటాయి. జూన్ నడిమికి నైరుతి ఋతుపవనాలు వీస్తాయి. మన దేశానికి వానలు తెచ్చే గాలులే ఇవి. అయితే ఇక్కడ కుండపోత వానలు ఉండవు. గాలి తాకిడికి తీరం దగ్గరి పైనీరు దూరంగా జరిగి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి పొగమంచు అవుతుంది. పైనున్న వేడిగాలి మూతలా అడ్డుపడడం వల్ల, ఆ మంచు పైకి లేవలేక వాలులను కమ్ముకొని ఉంటుంది. సెప్టెంబరు దాకా ఇదే తీరు. ఈ కాలాన్ని అక్కడివారు ఖరీఫ్ అంటారు. మన రైతులు అనే ఖరీఫ్ కూడా ఈ అరబ్బీ మాటే.

మంచు కమ్మినంత మాత్రాన నేల తడిసిపోదు. ఆ పనిలో చెట్లకు పెద్ద పాత్ర ఉంది. మన అడవుల్లోని చిరుమానుకు దగ్గరి బంధువైన ఒక చెట్టు ఈ వాలులలో విస్తారంగా పెరుగుతుంది. దాని ఆకులకు, కొమ్మలకు తగిలిన మంచు బొట్లు బొట్లుగా కూడి కిందికి రాలుతుంది. కాండం వెంట జారి వేళ్లకు చేరుతుంది. పచ్చిక అంత నీటిని పట్టలేదు. అంటే ఈ అడవి తనకు కావలసిన నీటిలో కొంత తానే సంపాదించుకొంటుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. 1970 తరువాత పశువుల మందలు బాగా పెరిగాయి. మేకకు అందని కొమ్మ ఒంటెకు అందుతుంది. చెట్టు పోయిన చోట నేలకు చేరే నీరు తగ్గుతుంది. అక్కడ మళ్లీ మొలిచే లేత మొక్కకు ఆ నీరు చాలదు.

మంచు శిఖరాలు దాటి పోదు. అవతలి పొడి లోయలలో ధూపపు బంకనిచ్చే చెట్లు ఉంటాయి. బెరడును గీరితే పాలవలె కారి గడ్డకట్టే ఈ బంక ప్రాచీన కాలంలో రోము దాకా వెళ్లేది. శేషాచలం కొండలలోని కొండసాంబ్రాణి దీని జాతిదే.

తూర్పున ఉన్న సమ్‌హాన్ కొండలు అరేబియా చిరుతపులికి ఆశ్రయం. ఇది మన చిరుత కంటే చాలా చిన్నది. మగది సుమారు 30 కిలోలు తూగుతుంది. కొండమేకలు, జింకలు, కుందేలంత ఉండే హైరాక్స్ దీని ఆహారం. (ఆ చిన్న హైరాక్స్ ఏనుగుకు బంధువంటే నమ్మడం కష్టమే!) మేకలను ఎత్తుకుపోతుందని కాపరులు దీనిని చంపేవారు. ప్రపంచంలో ఇప్పుడు అడవిలో తిరిగేవి 200 కూడా లేవని అంచనా. 1997లో సమ్‌హాన్ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఈ చిరుత మనుషుల కంట పడడం అరుదు. రాళ్ల నడుమ అమర్చిన కెమెరాల ముందు నుంచి నడిచినప్పుడు మాత్రం దాని బొమ్మ పడుతుంది. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒక్క తీరుగా ఉండవు. ఆ మచ్చలను బట్టే వాటిని లెక్కపెడతారు.