ఆటిజం ఉన్న బిడ్డకు ఏమి పెట్టాలి?

ఇటీవల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, గాజువాక నుండి వచ్చే ఒక సహోదరి తన చేతిసంచిలోని డబ్బాలన్నీ మా బల్లమీద పెట్టింది. విటమిన్ చుక్కలు, చేపనూనె గుళికలు, ఏవో పొడులు, మొత్తం ఆరు. ఆరేళ్ల కుమారునికి ఆటిజం. భర్తది కాంట్రాక్టు పని. "అయ్యగారూ, బాబుకు పాలు, గోధుమ మాన్పించి నాలుగు నెలలైంది. వీటికి నెలకు ఆరు వేలు అవుతోంది. అయినా మాట రాలేదు. ఇవి ఆపేస్తే పాపమా?" అని అడిగింది.

పాపం కాదమ్మా అని అక్కడే చెప్పాము. అలాంటి సంచి మోసే తల్లులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు గనుక ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాము.

గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ సరిగా అరగక, వాటి ముక్కలు రక్తం ద్వారా మెదడుకు చేరి మత్తుమందులా పనిచేస్తాయని ఒక ఊహ ఉంది. ఈ పథ్యానికి మూలం అదే. అమెరికాలోని రోచెస్టర్‌లో 14 మంది పిల్లలను ఈ పథ్యంలో ఉంచి, మధ్యమధ్య ఆ రెండూ కలిపిన చిరుతిళ్లు కొన్నిసార్లు, కలపనివి కొన్నిసార్లు పెట్టి చూశారు. ఏది ఎప్పుడు పెట్టారో తల్లిదండ్రులకు కూడా తెలియనివ్వలేదు. పిల్లల నిద్రలో గానీ ప్రవర్తనలో గానీ తేడా కనబడలేదు. గోధుమ గానీ పాలు గానీ పడవని వైద్యుడు పరీక్షచేసి చెబితే ఆ సంగతి వేరు.

మనం అన్నం తినేవాళ్లం, గోధుమ మానడం పెద్ద కష్టం కాదు. నష్టమంతా పాలు, పెరుగు మానడంలోనే ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది నాలుగైదు రకాలు తప్ప ముట్టరు. వాసన, రంగు, మెత్తదనం ఏది మారినా నోరు తెరవరు. అది మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. పెరుగన్నం ఒక్కటే తినే పిల్లవానికి పెరుగు తీసేస్తే ఇక మిగిలేదేమిటి? 2008లో అమెరికాలో ఆటిజం ఉన్న 75 మంది మగపిల్లల ఎముకలను పరిశీలిస్తే అవి సాధారణం కంటే పలుచగా ఉన్నాయి. పాల పదార్థాలు మాన్పించిన వారిలో మరింత పలుచగా కనిపించాయి.

కాబట్టి ముందు పిల్లల వైద్యునికి చూపించండి. రక్తంలో ఇనుము, విటమిన్ డి తక్కువైతే ఆ ఒక్కటి, ఆయన చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఎక్కువైతే మరీ మంచిదని అనుకోవద్దు. విటమిన్ ఎ మితిమీరితే కాలేయం, బి6 మితిమీరితే నరాలు దెబ్బతింటాయి. మలబద్ధకం ఉందేమో కూడా అడగండి. కడుపునొప్పి అని చెప్పలేని బిడ్డ తల గోడకు కొట్టుకుంటాడు. మనమేమో దయ్యమంటాము! ఇక తిండి విషయానికొస్తే, ఇష్టమైన దాని పక్కనే కొంచెం చోడి అంబలి గానీ గుడ్డు గానీ పెట్టి, బలవంతం చేయకుండా వదిలేయండి. పదిసార్లు తోసేసినా పదకొండోసారి ముట్టవచ్చు. మాట, నడవడి శిక్షణ కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాలు ఉన్నాయి. అక్కడ సేవలు ఉచితం. అంగన్‌వాడీలో గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ అడగండి.

సేవకులకు ఒక మాట. అమెరికాలోని ఫ్లోరిడాలో 'జెనెసిస్ టూ చర్చ్' అని పేరు పెట్టుకున్నవారు బ్లీచింగ్‌కు వాడే రసాయనాన్ని 'మిరకిల్ మినరల్ సొల్యూషన్' అని, పవిత్ర సంస్కారమని చెప్పి, ఆటిజం కూడా నయమవుతుందని అమ్మారు. తండ్రికీ ముగ్గురు కొడుకులకూ 2023లో జైలుశిక్ష పడింది. వారు వాడుకున్నది సంఘమనే పేరునే. కనుక వేదికమీద ఎవరైనా సీసా చేతపట్టుకొని సాక్ష్యం చెప్పబోతే దయచేసి ఆపండి.

ఆ సహోదరి వైద్యుణ్ణి కలిసింది. ఆరు డబ్బాలలో ఐదు ఆపమన్నారు, ఇనుము చుక్కలు మాత్రం ఉంచారు. బాబు మళ్లీ పెరుగన్నం తింటున్నాడు. మాట ఇంకా రాలేదు. సండేస్కూల్లో అందరికీ బిస్కెట్లు పంచేటప్పుడు వాడికి మరమరాలు కావాలట. టీచరమ్మ ఒక డబ్బాలో పోసి బీరువాలో ఉంచింది.