మీకు తెలుసా? వయొలిన్ కమానును తినే పురుగులున్నాయి!

వయొలిన్ కమానుకు బిగించేది గుర్రం తోక వెంట్రుకలే. కొన్ని పెంకుపురుగుల లార్వాలకు అవి మహా ఇష్టం. నెలల తరబడి తెరవని పెట్టెలో చేరి, చీకట్లో ఒక్కొక్కటే కొరికేస్తాయి. మూత తీయగానే తెగిన వెంట్రుకలు వేలాడుతుంటే ముందు అనుమానించాల్సింది వీటినే. వెలుతురు వాటికి గిట్టదు కాబట్టి పెట్టెను దులిపి, కాసేపు ఎండ తగలనివ్వాలి. కమానును మాత్రం ఎండలో పెట్టకండి!

వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలను బిగించే మరను వదులు చేయాలి. తేమకు సాగిన వెంట్రుకలు పొడిగాలికి కుంచించుకుపోతాయి. బిగించి వదిలేస్తే కర్ర వంపు పోతుంది, ఒక్కోసారి కొన దగ్గర విరుగుతుంది కూడా. మేలైన కమాన్లకు వాడే పెర్నాంబుకో కర్ర బ్రెజిల్‌ది. 2007 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్నాయి. అన్నట్టు, వెంట్రుకలను వేళ్లతో తాకకండి. చర్మపు జిడ్డు అంటితే వాటికి రుద్దే రోజిన్ సరిగా పట్టదు.