ఇద్దరు తొక్కే సైకిలుకు ఎలాంటి టైర్లు వేసుకోవాలి?



జంట సైకిలు అనగానే మీలో చాలామందికి పాత సినిమాల్లో పాట పాడుకుంటూ వెళ్ళే హీరో హీరోయిన్లు గుర్తుకు రావచ్చు. మా సైకిలు సంగతి వేరు. నేను బళ్ళారి పక్కన పల్లెలో బడిపంతులును. పొద్దున కన్నడంలో లెక్కలు, మధ్యాహ్నం తెలుగులో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం. మా బడిలోనే సంగీతం నేర్పే మాష్టారికి చూపు లేదు. మా ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఉన్నాయి. బడి 7 కిలోమీటర్ల దూరం. బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అందుకని బెంగుళూరులో ఒక పాత టాండెమ్ సైకిలు కొని తెచ్చుకున్నాం. ముందు నేను, హ్యాండిలు నాది. వెనుక ఆయన. నిజం చెప్పాలంటే కాళ్ళ బలం ఆయనదే ఎక్కువ.

మొదటి నాలుగు నెలల్లో తొమ్మిది పంచర్లు పడ్డాయి. తొమ్మిదోసారి కాలువ గట్టు మీద ముందు టైరు ఒక్కసారిగా పేలింది. హ్యాండిలు నా చేతిలోంచి మెలి తిరిగి ఇద్దరం పడ్డాం. నేను పడబోతున్నానని నాకు తెలుసు గనుక చేయి ఊనుకున్నాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. మోకాలు చీరుకుపోయింది. "ఏమప్పా, ముందే చెప్పొద్దా?" అన్నారు నవ్వుతూ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి టైర్ల విషయం పాఠంలాగా చదవడం మొదలుపెట్టాను. అలా తెలుసుకున్న విషయాలే ఈ వేళ మీతో ముచ్చటిస్తాను. పెళ్ళాం బిడ్డల్ని, గడ్డిమోపుల్ని మామూలు సైకిలు మీద ఎక్కించుకుని తిరిగేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

మొదట బరువు చూద్దాం. ఆయన 72 కిలోలు, నేను 64. సైకిలు 24. సంచులు, క్యారియర్లు ఒక 5. మొత్తం 165 కిలోలు. మామూలు సైకిలు మీద ఒక మనిషి వెళితే మనిషీ సైకిలూ కలిసి 85 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. చక్రాలు మాత్రం అక్కడా రెండే, ఇక్కడా రెండే. మా సైకిలు వెనుక చక్రం మీద దాదాపు 90 కిలోలు, అంటే 200 పౌనులు పడుతుందనుకోండి. టైరులో చదరపు అంగుళానికి 50 పౌనుల గాలి ఉంటే, ఆ బరువు మోయడానికి టైరు సుమారు 4 చదరపు అంగుళాల మేర నేలకు ఆనాలి. టైరు సన్నగా ఉంటే అంత చోటు దొరకడానికి అది బాగా నలగాలి. అలా నలిగినప్పుడు రాయి తగిలితే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య చిక్కుకుంటుంది.

మా ఊరి పంచరు షాపు అబ్బాయి నా ట్యూబును నీళ్ళలో ముంచి చూపించాడు. "ముల్లయితే ఒకే బొక్క సార్. ఇది చూడండి, పక్కపక్కన రెండు. పాము కరిచినట్టు. ఇది ముల్లు పని కాదు, గాలి తక్కువై రిమ్ము కరిచింది" అన్నాడు. నా తొమ్మిది పంచర్లలో ఐదు ఇలాంటివే. ముళ్ళను అన్యాయంగా తిట్టాను.

కాబట్టి జంట సైకిలుకు వెడల్పు టైరు కావాలి. వెడల్పు ఉంటే తక్కువ గాలితోనే బరువు మోస్తుంది, కుదుపు కూడా తగ్గుతుంది. ఈ కుదుపు సంగతి వెనుక కూర్చున్నవారిని అడగాలి. ముందున్న నేను గుంత చూసి సీటు మీంచి కొంచెం లేస్తాను. వెనుకాయనకు గుంత కనబడదు, నడుము మీద నేరుగా దెబ్బ పడుతుంది. కళ్ళున్నవారు కూర్చున్నా అంతే, ముందున్నవారి వీపు తప్ప ఏమీ కనబడదు. ఇప్పుడు నేను "గుంత" అని కేక పెడతాను, ఆయన లేస్తారు. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇక కొలతల దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. మా సైకిలుది 26 అంగుళాల చక్రం. కొట్టుకు వెళ్ళి "26 టైరు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఎక్కిస్తే రిమ్ము మీద వదులుగా జారిపోతోంది. 26 అని రాసి ఉన్న టైర్లలో నిజానికి కొన్ని రకాలున్నాయి. 26 × 1.95 అని చుక్క పెట్టి రాసినది ఒకటి. 26 × 1⅜ అని భిన్నంలో రాసినది ఇంకొకటి. లెక్కల మాష్టారుగా నాకు 1.95కూ 1⅜కూ వెడల్పులోనే తేడా అనిపించింది. కాదు, చుట్టుకొలతే వేరు. టైరు పక్క గోడ మీద ఇంకో జత అంకెలు అచ్చువేసి ఉంటాయి, నమ్మాల్సింది వాటినే. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మా రిమ్ము 559. నేను తెచ్చింది 590. 31 మిల్లీమీటర్లు ఎక్కువైతే ఎలా నిలుస్తుంది? మన నల్ల సైకిళ్ళ 28 × 1½ టైరుకు ఈ అంకె 635. పాత టైరు మీది అంకెలు కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్ళడం మేలు.

చివరికి మేము వేసుకున్నది 50-559, అంటే దాదాపు 2 అంగుళాల వెడల్పు. ఇంకా లావుది వేద్దామనుకున్నాను గాని మన నల్లరేగడి ఒప్పుకోలేదు. వాన పడితే ఈ మన్ను టైరుకు గోధుమపిండి ముద్దలాగా అంటుకుని మడ్గార్డులో ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది. టైరుకూ మడ్గార్డుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. బుడిపెల టైరు చూడటానికి గట్టిగా కనిపిస్తుంది, కుర్రకారుకు మోజు కూడా. తారు రోడ్డు మీద అది గుర్రుమని మోత పెడుతుంది, తొందరగా అరుగుతుంది, బుడిపెల మధ్య మన్ను పట్టుకుంటుంది. మధ్యలో నున్నగా, పక్కల చిన్న గాట్లతో ఉన్నది మాకు సరిపోయింది.

ముళ్ళ మాటకొస్తే, పల్లేరు కాయల్ని ఇంగ్లీషువాళ్ళు పంచరు తీగ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఇక సర్కారు తుమ్మకు కన్నడంలో మన ఊరి పేరే పెట్టారు, బళ్ళారి జాలి అని. ఇంత గౌరవం దక్కాక జాగ్రత్తపడక తప్పదు. నేలకు తగిలే రబ్బరు కింద ముల్లు దిగకుండా అదనపు పొర వేసిన టైర్లు దొరుకుతాయి. కొంచెం బరువు, కొంచెం ధర ఎక్కువ. జంట సైకిలుకు ఆ ఖర్చు దండగ కాదు. గాలి అక్కర్లేని గట్టి రబ్బరు టైర్లు కూడా ఉన్నాయి. పంచరు కాదు సరే, వెనుకాయన నడుము మిగలదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్లప్ అనే పశువైద్యుడు గాలి టైరు తయారుచేసింది తన కొడుకు మూడుచక్రాల బండి కుదుపు తగ్గించడానికే.

గాలి ఎంత కొట్టాలి? టైరు గోడ మీద గరిష్ఠ పరిమితి రాసి ఉంటుంది, మాదాని మీద 65 అని ఉంది. అంతా కొడితే రాళ్ళ మీద బండి ఎగురుతుంది. వెనుక 55, ముందు 48 మాకు బాగున్నాయి. మీ బరువును బట్టి అటూ ఇటూ మార్చుకోండి. బొటనవేలితో నొక్కి చూడటం నమ్మకండి. మామూలు సైకిలు వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాని మీద మీటరు పెట్టినా లోపలి గాలి సరిగా తెలియదు. మోటారు సైకిలు రకం వాల్వున్న ట్యూబు వేసుకుంటే మీటరుతో కొలవవచ్చు. మేము ప్రతి ఆదివారం కొలుస్తాం. పెట్రోలు బంకులో కొట్టించుకుంటే మాత్రం కొంచెం కొంచెంగా, కొలుస్తూ కొట్టించుకోండి. ట్యూబు చిన్నది, రెప్పపాటులో పరిమితి దాటుతుంది.

ముందు టైరు పేలితే బండిని అదుపు చేయడం కష్టం, వెనుకది పేలితే ఎలాగో ఆపుకోవచ్చు. అరిగేదేమో వెనుకది ముందు. అందరూ కొత్తది వెనుక వేస్తారు. నేను ముందు టైరును వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేస్తాను. పక్క గోడ మీద ఎండకు పగుళ్ళు వచ్చినా, దారాలు కనిపించినా, ఎక్కడైనా బుడగలా ఉబ్బినా ఆ టైరు పని అయిపోయినట్టే. కాలువ గట్టు మీద పేలినదానికి వారం ముందే చిన్న ఉబ్బు ఉంది. చూశాను, ఈ నెల గడవనీ అనుకున్నాను.

సండూరు కుమారస్వామి గుడి కొండ లాంటి చోట దిగేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. రిమ్మును పట్టే బ్రేకులను అదేపనిగా నొక్కి ఉంచితే ఇద్దరి బరువుకూ రిమ్ము కాలిపోతుంది, ఆ వేడికి టైరు రిమ్ము మీంచి ఊడి ట్యూబు పేలవచ్చు. ముందు బ్రేకూ వెనుక బ్రేకూ మార్చి మార్చి వాడండి. మధ్యలో ఆగి రిమ్ము చల్లారనివ్వండి.

కొత్త టైర్లు వేశాక రెండు వానాకాలాలు గడిచాయి. పంచర్లు మూడే పడ్డాయి, మూడూ ముళ్ళవే. ఇప్పుడు సంగీతం మాష్టారు సైకిలు ఎక్కేముందు కర్ర నా చేతికిచ్చి, వంగి, రెండు టైర్ల చుట్టూ చేత్తో తడిమి చూస్తారు. నా కంటికి ఆనని పగుళ్ళు ఆయన వేలికి దొరుకుతాయి. పోయిన నెల అలా ఒకటి పట్టుకున్నారు. ఆ టైరు మార్చాం.