సాగర్ రోడ్డులో ఎదురుగాలి

హైదరాబాద్ తూర్పు శివార్ల నుంచి దూరపు సైకిల్ ప్రయాణాలకు నాగార్జునసాగర్ రోడ్డు అనువైన దారి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవారు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఈ దారి ఎక్కి, తుర్కయంజాల్ మీదుగా బొంగ్లూర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇబ్రహీంపట్నం చేరతారు. అక్కడివరకూ ఇళ్లూ దుకాణాలూ గాలికి అడ్డుంటాయి. యాచారం, మాల్, చింతపల్లి వైపు వెళ్లేకొద్దీ పత్తి చేలు, రాతి గుట్టలు, అక్కడక్కడా బత్తాయి తోటలు తప్ప అడ్డేమీ ఉండదు. దక్కన్ పీఠభూమి మీద గాలి బలం సైకిల్ తొక్కేవారికి తెలిసివచ్చేది ఈ ఆరుబయటే.

గాలి ఎంత కష్టపెడుతుందో లెక్క వేసి చూడవచ్చు. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిల్‌కు అంతే వేగంతో గాలి ఎదురైతే నిరోధం నాలుగింతలవుతుంది. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుని, నిలకడగా 100 వాట్ల శక్తితో తొక్కే మనిషి గాలి లేని చదును రోడ్డు మీద గంటకు సుమారు 24 కిలోమీటర్లు పోతాడు. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే కాలిసత్తువ 14 దగ్గర ఆగిపోతుంది. గాలి వెనక నుంచి తోస్తే 36 దాకా పోతుంది. పోయేటప్పుడు కలిసివచ్చింది కాబట్టి వచ్చేటప్పుడు పోయినా లెక్క సరిపోతుందనుకోవడం కొత్తవాళ్ల భ్రమ. గాలి అచ్చంగా రోడ్డు వెంటే వీస్తోందనుకుంటే, 150 కిలోమీటర్లు పోవడానికి నాలుగు గంటల పైచిలుకు, అంతే దూరం తిరిగి రావడానికి పదిన్నర గంటలకు పైగా పడుతుంది. గాలే లేకపోతే రానూపోనూ పన్నెండున్నర గంటల్లో ముగిసే పని అది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది.

సాగర్ ప్రయాణంలో ఈ నష్టానికి నేల వాలు కూడా తోడవుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంటే, సాగర్ జలాశయం నిండినప్పటి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లే. పోయేటప్పుడు మొత్తమ్మీద దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. అంత దూరానికి పరిస్తే ఆ ఎక్కుడు పెద్దది కాదు గానీ, అలసిన కాళ్లకు తెలియకుండా పోదు. పైగా సాగర్ నగరానికి ఆగ్నేయంగా ఉంది. జూన్, జూలైల్లో తెలంగాణ మీద వీచే నైరుతి రుతుపవనాలు ఎక్కువగా పడమటి గాలులు. కాబట్టి పొద్దున సరదాగా సాగిపోయినవారికి తిరుగు దారిలో ఎక్కుడూ, ఎడమ పక్క నుంచి ఏటవాలుగా కొట్టే ఎదురుగాలీ రెండూ ఒకేసారి తగులుతాయి.

రాండన్యూరింగ్ అనే దూరపు సైక్లింగ్ పద్ధతిలో ఇది గట్టి పరీక్ష. 1904లో మొదలైన ఒడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. తిండి, పంక్చర్లు, కునుకు అన్నీ అందులోనే. హైదరాబాద్‌లోనూ ఈ రైడ్‌లు జరుగుతాయి. 300 గడువుకు గంటకు సగటున 15 కిలోమీటర్లు పోవాలి. పైన లెక్కలో ఎదురుగాలి మిగిల్చిన వేగం 14.

ఎదురుగాలి ఒళ్లు హూనం చేస్తుంది, పక్కగాలి నేరుగా ప్రమాదంలోకి నెడుతుంది. సాగర్ వైపు పోతున్నప్పుడు పడమటి గాలి కుడి వెనక నుంచి కొడుతుంది. ఆ తోపుకు నిలబడడానికి సైకిలిస్టు తెలియకుండానే కాస్త కుడికి వాలి తొక్కుతాడు. అంతలో ఆర్టీసీ బస్సు కుడి పక్కనుంచి దాటుతూ గాలిని ఒక్కసారి ఆపేస్తుంది. ఆనుకున్న గాలి పోవడంతో సైకిల్ బస్సు వైపే జరుగుతుంది. బస్సు దాటగానే ఆగిన గాలి విసురుగా వచ్చి రోడ్డు అంచుకు తోస్తుంది. వెనక హారన్ వినపడగానే వేగం తగ్గించి, హ్యాండిల్ బిగపట్టకుండా కిందికి వంగి పట్టుకోవాలి. అంచున నాలుగడుగుల చోటు ముందే ఉంచుకుని తొక్కడం మేలు. గుంపుగా పోయేవారు ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కుతూ, ముందున్నవారు వంతులవారీగా మారితే వెనకవారికి చాలా శ్రమ తగ్గుతుంది. పక్కగాలిలో ముందువారి మరుగు దొరకాలంటే రోడ్డుకు అడ్డంగా పరుచుకోవాలి. వాహనాలు తిరిగే సాగర్ రోడ్డులో అది చేయకూడని పని.

ఏప్రిల్, మే నెలల బెడద వేరు. పగలంతా కాగిన నేల మీదికి బంగాళాఖాతం తేమ చేరి, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలు లేస్తాయి. వాన పడే చోట చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి చుట్టూ చిమ్ముతుంది. వానకంటే ముందు వచ్చే ఈదురుగాలి అదే. అప్పటిదాకా ఉన్న గాలి చటుక్కున ఆగిపోవడం, దూరంగా ఎర్రటి దుమ్ము లేవడం, ఒంటికి చల్లదనం తగలడం దాని ఆనవాళ్లు. అప్పుడు రెయిన్‌కోటు కోసం సంచి వెతుక్కోవడం కంటే సైకిల్ దిగడం ముఖ్యం.

పిడుగు విషయంలో సైకిల్ టైర్ల రబ్బరు కాపాడుతుందనేది ఉత్త నమ్మకం. ఖాళీ చేల మధ్య రోడ్డు మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది సైకిల్ మీది మనిషే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు గడిస్తే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో పడినట్టు. అంతకంటే తక్కువైతే వెంటనే ఆగి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలకూడదు. చింతచెట్టు కింద, రేకుల పందిరి కింద, గోడలు లేని పెట్రోల్ బంకు కప్పు కింద నిలబడడం సరికాదు. బడి, పంచాయతీ కార్యాలయం లాంటి పక్కా భవనం కావాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. రాబోయే రెండు మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలను మధ్యాహ్నం నుంచి చూసుకుంటూ ఉండాలి.

వేసవిలో వెళ్లక తప్పనివారు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే తుర్కయంజాల్ దాటేసి, ఎండ ముదిరేలోపు సగానికి పైగా దూరం పూర్తిచేసుకోవాలి. గడువు లేని ప్రయాణమైతే సాగర్‌లో రాత్రి ఉండి, మర్నాడు గాలి లేవకముందే తిరుగు దారి పట్టడం ఉత్తమం. ఈ దారికి డిసెంబరు, జనవరి అసలైన కాలం. చలి కాస్త ఉన్నా ఉరుముల బెడద ఉండదు, గాలీ నెమ్మదిగానే ఉంటుంది.